షౌక్ ముందు సీటుది, పసీనా వెనక సీటుది

పాత కారుకి ఏసీ పెట్టించొచ్చా, పెట్టించొద్దా? వినడానికి ఇది పైసలున్నోళ్ళ బహస్ లెక్క అనిపిస్తది. "రోటీ ఫికర్‌తోనే సరిపోయే ఖాందాన్లు మనవి, కార్ల ముచ్చటేంది మియా" అని మీలో కొందరు నవ్వుకుంటరు కూడా. జర ఆగి వినండి. ఈ బహస్ మా ఖాందాన్‌లో రెండేండ్ల సంది నడుస్తున్నది. గోదావరిఖనిలో ఉండే మా ఖాలూకి ఒక కాంటెస్సా ఉన్నది. దానికి ఏసీ పెట్టిద్దామని పిల్లలంటరు. పెడితే కారు అస్లియత్ పోతదని ఖాలూ అంటడు. ఈద్‌కి కలిసినా, మయ్యత్‌కి కలిసినా చివరికి మాట ఆ కారు మీదికే వస్తది.

నా రాయ్ ముందే చెప్తున్న. పెట్టించాలె. పద్ధతిగా పెట్టించాలె, గని పెట్టించాలె. ఇది ఒక కారు ముచ్చట మాత్రమే కాదు. మన ఇండ్లల్ల షౌక్ ఎవరిది, దానికి తక్లీఫ్ పడేది ఎవరు అన్నది కూడా ఇందులనే ఉన్నది.

కాంటెస్సా అంటే ఇప్పటి పిల్లలకు తెల్వకపోవచ్చు. అంబాసిడర్ చేసిన హిందుస్తాన్ మోటార్స్ కంపెనీయే 1984లో దీన్ని తెచ్చింది. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ కంపెనీ అంతకు ముందు చేసిన ఒక కారు నక్షతోనే దీన్ని ఇక్కడ తయారు చేసిన్రు. పొడుగు బానెట్, వెడల్పు ముఖం, ఎదురుంగ నాలుగు గుండ్రటి లైట్లు. మొదట్ల దానికి అంబాసిడర్ ఇంజనే పెట్టిన్రు. ఒకటిన్నర లీటర్లది, యాభై హార్స్‌పవర్‌కు అటు ఇటు. పహిల్వాన్ ఒళ్ళుకు పిల్లగాని ఊపిరి పెట్టినట్టు ఉండేది. తర్వాత జపాన్ వాళ్ళ ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టి కాంటెస్సా క్లాసిక్ అన్నరు. హార్స్‌పవర్ ఎనభై దాటింది, దానితోటే రఫ్తార్ వచ్చింది. 2002లో ఆ కారు బంద్ అయింది. అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు, అంటే రెండు సీట్ల ఎంజీలు, జాగ్వార్లు మన బొగ్గుబాయిల దిక్కు ఎవరు చూసిన్రు? మా తరం పోరగాండ్లకు స్పోర్ట్స్ కారంటే కాంటెస్సానే. గోదావరిఖని చౌరస్తాల అది మలుపు తిరుగుతుంటే టీ గ్లాసులు చేతుల్లనే ఆగిపోయేవి.

ఖాలూ బొగ్గు గనుల్లో డంపర్లు, షావెల్లు రిపేర్ చేసే మెకానిక్. రిటైరయ్యే ముందు ఒక కాంట్రాక్టర్ షెడ్డులో తుప్పు పట్టి పడి ఉన్న 1.8 క్లాసిక్‌ను కొన్నడు. ఏసీ లేని మోడల్. ఫ్లోర్ మొత్తం తిన్నది. బోల్టు బోల్టు విప్పి, హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాండ్లన్ని తిరిగి, జుమ్మేరాత్ బజార్‌ల దొరికిన డోర్ హ్యాండిల్‌ను కూడా సంబరంగా ఇంటికి తెచ్చుకుని, ఆరేండ్లల్ల దానికి జాన్ పోసిండు. ఆయన హునర్‌కి నేను సలాం చేస్త. ఈ వ్యాసం ఆయన మీద షికాయత్ కాదు. ఆయన ఒప్పుకున్నంకనే రాస్తున్న. "రాయ్ బేటా, గని నా దలీల్ కూడా పూర్తిగా రాయాలె" అన్నడు.

కాబట్టి ముందు ఆయన దలీల్.

ఒకటి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎట్లున్నదో అట్లుంటేనే పాత కారుకు ఖీమత్. డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ డబ్బా వేలాడదీస్తే, గులాబ్ షేర్వానీ మీద రెయిన్‌కోటు తొడిగినట్టుంటది. రెండు, కంప్రెసర్ ఊరికెనే తిరగదు, ఇంజను నుంచి ఐదారు హార్స్‌పవర్ గుంజుకుంటది. మూడు, రేడియేటర్ ముందర కండెన్సర్ పెడితే ఇంజనుకు వేడి గాలి తగుల్తది. మన ఎండలకు ట్రాఫిక్‌ల ఆగితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటుతది. నాలుగు, పాత వైరింగు. డైనమో, ఆల్టర్నేటర్ ఆ కాలం లైట్లకు, హారన్‌కు సరిపోయేటట్టు చేసినయి. దాని మీద బ్లోయర్, ఫ్యాన్, క్లచ్ వేస్తే వైర్లు కాల్తయి. ఐదోది, మెకానిక్ అన్నవాడు ఎవ్వడైనా చెప్పేది: రంధ్రం వేయడం ఆసాన్, పూడ్చడం ముష్కిల్.

ఇవన్ని సచ్చే మాటలు. ఒక్కటి కూడా కొట్టిపారేయలేం. కారు తెల్వనోడు "ఏసీ పెట్టించుకో భయ్యా, ఏమైతది" అంటే ఖాలూకి కోపం వచ్చేది అందుకే.

ఇప్పుడు వెనక సీటు ముచ్చట.

మన కార్లల్ల ఎవరు ఏడ కూసుంటరో మీకు చెప్పే పని లేదు. నడిపేది ఖాలూ. పక్క సీటుల కొడుకో, అల్లుడో, నా లెక్క చుట్టమో. ఇద్దరి అద్దాలు దించి ఉంటయి, మోచేతులు బయట. అరవై స్పీడు మీద గాలి ముఖానికి కొడుతుంటే ఎవనికైనా మజానే. వెనక ఖాలా, బహు, బేటీ, ఒళ్ళో పిల్లలు. నల్ల బురఖాలు. అద్దం పూర్తిగా దించితే నఖాబ్ ఎగురుతది, పిల్లలు తలకాయలు బయట పెడ్తరు. సగం దించితే పొయ్యి ముందు కూసున్నట్టు వేడి గాలి. అంబాసిడర్ల జమానాల వెనక అద్దాలకు స్ప్రింగు తీగెల మీద పర్దాలు ఉండేవి, యాదికున్నదా? పర్దా గుంజితే గాలి బంద్, తీస్తే పర్దా బంద్. ఆ తర్వాత నల్ల ఫిల్మ్‌లు వచ్చినయి. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించొద్దన్నది, అవీ పోయినయి. ఇన్నేండ్లల్ల ముందు సీటు మర్దానా మారలేదు, వెనక సీటు జనానా మారలేదు. సీజన్ సీజన్‌కు మారింది వెనక సీటు తక్లీఫ్ రకం ఒక్కటే.

పోయిన మే నెలల హైదరాబాద్‌లో ఒక వలీమా ఉండే. ఖాలూ బేటా దగ్గర ఆల్టో ఉన్నది, ఏసీది. వెనక సీటు ఆడోళ్ళు, పిల్లలు అందరు ఆ ఆల్టోలనే ఇరుకుకున్నరు. బేటా నడుపుతుంటే లోపట మొత్తం ఆరుగురు. ఒళ్ళల్ల మిఠాయి డబ్బాలు. వాళ్ళ వెనక, సోఫా అంత సీట్లున్న కాంటెస్సాల ఖాలూ, తోడుగా నేను. రాజీవ్ రహదారి మీద రెండొందల కిలోమీటర్ల పైనే. కరీంనగర్ దాటేసరికి నా వీపు సీటు కవర్‌కు అంటుకున్నది. సిద్దిపేట దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు ఖాలూ తల మీద సీసాడు నీళ్ళు పోసుకుని, రుమాల్ తడిపి మెడకు చుట్టుకున్నడు. ఆల్టోల కెళ్ళి పిల్లలు కడిగిన జామపండ్ల లెక్క దిగిన్రు. నేను ఖాలాను అడిగిన, మీ కారుండంగ ఇండ్ల ఎందుకు ఇరుకుకున్నరని. "నేనేమన్న ఖరాబ్ అన్ననా బేటా? మంచిగనే ఉన్నది కారు. చలికాలం రమ్మను, ఎక్కుత" అన్నది.

ఆ ఒక్క మాటల మొత్తం ఫైస్లా ఉన్నది. ఖాలా ఎన్నడూ ఏసీ పెట్టించమని అడగలేదు. ఊరికెనే ఆ కారు ఎక్కడం మానేసింది. ఇంట్ల ఆడోళ్ళు గొడవ చెయ్యకుండ పక్కకు జరిగితే, మనం దాన్ని రజామందీ అనుకుంటం. ఫిబ్రవరి ఆఖరు నుంచి జూన్ నడుమ దాకా, మళ్ళ ఉక్కపోత నెలల్ల కూడా, ఆ కారు ఒక్క మనిషి కారు. ఆరేండ్ల మెహనత్, ఇంటి పైసలు, ఆ ఒక్క మనిషి కోసమా?

ఇది వేరే ఊరైతే ఇంత జోర్‌గా చెప్పకపోదును. ఊటీల కాంటెస్సా ఉన్నోడు ఏసీ వద్దంటే వాని ఇష్టం. మనది రామగుండం. టీవీల వడగాలుల వార్త వచ్చిందంటే మన ఊరి పేరు పైన ఉంటది. నలభై ఐదు డిగ్రీలంటే ఇక్కడ ఎవరు ఆశ్చర్యపోరు. ఎండల ఆపిన కారు లోపలి వేడి గంటలోపే బయటి వేడిని పదిహేను ఇరవై డిగ్రీలు దాటిపోతది. స్టీరింగు పట్టుకోవాలంటే గుడ్డ కావాలె. పైనుంచి ఓపెన్‌కాస్టుల దుమ్ము, బొగ్గు లారీల దుమ్ము, బూడిద. హైదరాబాద్ క్లబ్బు దోస్తులు "అద్దాలు దించి నడపడమే పాత కారు లుత్ఫ్" అని ఖాలూకి మెసేజ్‌లు పెడ్తరు. వాళ్ళొకసారి బొగ్గు లారీ వెనక అద్దం దించి ఐదు కిలోమీటర్లు వచ్చి చూడాలె. మన దగ్గర అద్దం దించితే ముందుగ లోపలికొచ్చేది దుమ్ము.

ఎండ అన్నది ఇగ ఓర్చుకునే ముచ్చట కాదని సర్కార్లు కూడా ఒప్పుకున్నయి. 2025లో తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుల లెక్కల చేర్చి, దానితో చనిపోయినోళ్ళ ఖాందాన్‌కు 4 లక్షల రూపాయల సాయం అన్నది. కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్రం చేసిన ఖానూన్ కూడా 2025లనే అమలుకొచ్చింది. లారీ డ్రైవర్‌కి అయ్యాషీ చేయిద్దామని చెయ్యలే ఆ ఖానూన్. వేడికి ఒళ్ళు అలసిపోతది, దిమాగ్ మందగిస్తది, బ్రేకు మీదికి కాలు పోవడం ఆలస్యమైతది.

ఈ ముచ్చట ఖాలూ కంటే ఎక్కువ ఎవరికి తెలుసు? ఓపెన్‌కాస్టుల తిరిగే పెద్ద డంపర్లకు క్యాబిన్ ఏసీ ఉంటది. ఎండాకాలం ఆ ఏసీ ఆగిపోతే ఆపరేటర్ అద్దం తీస్తడు. అద్దం తీస్తే దుమ్ము. దుమ్ముకు కండ్లు కనపడవు, ఊపిరితిత్తులు ఖరాబు. అందుకే ఏసీ రిపేరు కూడా బ్రేకు రిపేరు లెక్కనే జరూరీ పని అని ఆయన తన షాగిర్దులకు చెప్పెటోడు. సర్వీసంతా డంపర్ ఆపరేటర్లకు ఠండా గాలి ఆడేటట్టు చూసిన మనిషి. ఆయనను నేను ఒక్కటే అడిగిన: "ఖాలూ, ఆపరేటర్‌కి ఏసీ హఖ్ అయితే, ఖాలాకి ఎట్ల ఫుజూల్‌ఖర్చీ అయితది?" జర సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "డంపర్‌కి ఫ్యాక్టరీనే ఇచ్చింది ఏసీ. దీనికియ్యలేదు" అన్నడు.

సరే, అట్లయితే ఫ్యాక్టరీ ముచ్చటే మాట్లాడుకుందాం. అస్లియత్ అంటే ఏంది?

కాంటెస్సానే తీసుకోండి. ఇసుజు ఇంజను వచ్చినంక కంపెనీనే ఏసీ ఉన్న కాంటెస్సాలు అమ్మింది. ఎక్కువ పైసలు పెట్టినోనికి ఏసీ, తక్కువ పెట్టినోనికి లేదు. అంటే ఖాలూ కారుల ఏసీ లేకపోవడం ఆ కారు నక్షల ఉన్న గొప్పతనం కాదు. ఆనాడు కొన్నోడు చేసిన బచత్. వేరెవరో ముప్పై ఏండ్ల కింద మిగుల్చుకున్న పైసల కోసం ఖాలా ఇయ్యాల పసీనా కార్చాలెనా?

దునియాల అసలైన స్పోర్ట్స్ కార్ల ముచ్చట కూడా ఇట్లనే ఉన్నది. ఫ్యాక్టరీ ఏసీతో కారు అమ్మిన మొదటి కంపెనీ అమెరికా ప్యాకర్డ్. 1940 మోడల్‌ల పెట్టిన్రు. కూలింగ్ సామాను డిక్కీల సగం జాగా తిన్నది. చలి ఎక్కువైతే ఆపేటందుకు లోపట స్విచ్ లేదు. బండి ఆపి, ఇంజను బంద్ చేసి, బానెట్ లేపి కంప్రెసర్ బెల్టు ఊడదీయాలె. జనం నవ్విన్రు, కొన్నేండ్లకే అది బంద్ అయింది. 1950లల్ల క్రైస్లర్, నాష్ లాంటి కంపెనీలు దాన్ని ఒక దారికి తెచ్చినయి. ఇగ 1963ల షెవర్లే కార్వెట్ స్టింగ్ రే అనే స్పోర్ట్స్ కారుకి మొదటిసారి ఫ్యాక్టరీ ఏసీ ఇచ్చిన్రు. ఆ ఏడాది చేసిన 21,513 కార్వెట్లల్ల ఏసీ పెట్టించుకున్నయి 278 మాత్రమే. స్పోర్ట్స్ కారుల ఏసీ ఏంది అన్న మాట ఆనాడూ ఉన్నది. ఇయ్యాల ఆ పాత కార్ల శౌఖీన్లు వెతికి వెతికి, ఎక్కువ పైసలు పెట్టి కొనేది ఆ 278లల్ల ఒకటి దొరుకుతదా అనే. నిన్న సోకు అన్నదే ఇయ్యాల అస్లియత్ అయి కూసున్నది.

అట్లని అన్ని పాత కార్లకు ఏసీ బిగించమని నేననను. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌ల 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ ఉన్నది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చింది, ఆయన ఇంతఖాల్ తర్వాత వచ్చి ఏడో నిజాం జలూస్‌లకు వాడింది. వెనక సీటు తఖ్తు లెక్క ఉంటది. అసొంటి దానికి ఒక్క స్క్రూ కొత్తది పెట్టినా గునాహ్. అది ఇప్పుడు సవారీ కాదు, తారీఖ్ గవాహ్. దాని పని నిలబడి చూపించుకోవడమే. ఖాలూ కాంటెస్సా పని అది కాదు. దాని పని ఖాందాన్‌ను ఎక్కించుకుని పెద్దపల్లికి, మంచిర్యాలకు, కాజీపేట దర్గాకు తీసుకపోయి తీసుకరావడం. మీ పాత కారు ఈ రెండింట్ల ఏది అన్నది ముందు తేల్చుకోండి. ఏసీ సవాల్ దానంతటదే తేలిపోతది.

ఖానూన్ కూడా ఇట్లనే విడదీసింది. 2021ల కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. యాభై ఏండ్లు దాటిన బండి అసలు రూపంల ఉంటే వేరే నంబరు ప్లేటు ఇస్తరు. చాసిస్, బాడీ, ఇంజనుల పెద్ద మార్పు చేసి ఉండొద్దు. దానికి బదులు ఒక షరతు: ఆ బండి రోజూ రోడ్డు మీద తిరగొద్దు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, పెట్రోలుకు, రిపేరుకు, గంతే. మొట్టమొదటి కాంటెస్సాకు కూడా యాభై నిండేది 2034లనే. ఇప్పుడైతే అది మామూలు పాత కారు. పదిహేనేండ్లు దాటినంక ఐదేండ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలె. ఇరవై ఏండ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025ల 10,000 రూపాయలు చేసిన్రు. అంత ఖర్చు పెట్టి రోడ్డు మీద తిరిగే హఖ్ కొనుక్కున్నంక, ఇంటోళ్ళు ఎక్కకపోతే ఆ హఖ్ ఎందుకు?

ఇగ ఎట్ల పెట్టించాలన్నది. ఖాలూ దలీళ్ళకు జవాబు ఇందులనే ఉన్నది. ఆయన భయాలన్ని ఖరాబు పని గురించి. మంచి పని చేస్తే ఆ భయాలకు జాగా లేదు.

మొదటి ఉసూల్: ఇయ్యాల పెట్టింది రేపు తీసేస్తే కారు మళ్ళ పాత కారు కావాలె. కొత్త రంధ్రం వేయొద్దు. ఇంజను గోడకు ముందునుంచే ఉన్న రబ్బరు గ్రోమెట్ల దారినే పైపులు తీయాలె. కంప్రెసర్ బ్రాకెట్‌ను వెల్డింగ్ చేయొద్దు, ఇంజను మీద ఉన్న బోల్టులకే బిగించాలె. కాంటెస్సాకు కంపెనీనే ఏసీ ఇచ్చింది కాబట్టి పాత బ్రాకెట్టు, పుల్లీ వెతికితే దొరికే ఉమ్మీద్ ఉన్నది. కూలింగ్ కాయిల్ డబ్బాను డాష్‌బోర్డు కింద వేలాడదీయాలె, డాష్‌బోర్డును కోయొద్దు. విప్పిన ప్రతి ముక్కనూ చీటీ రాసి డబ్బాల దాచిపెట్టాలె. రేపు మనవడు మళ్ళ అసలు రూపం కావాలంటే ఒక్కరోజు పని.

రెండోది, ఏసీ కంటే ముందు రేడియేటర్. పాత రేడియేటర్‌ను విప్పి గొట్టాలు సాఫ్ చేయించాలె, కావాలంటే ఇంకో వరుస గొట్టాలున్న కోర్ వేయించాలె. కండెన్సర్ ముందర వేరే కరెంటు ఫ్యాన్ పెట్టాలె. ట్రాఫిక్‌ల బండి ఆగినప్పుడు కాపాడేది ఆ ఫ్యానే. ఇది చెయ్యకుండ ఏసీ బిగించే ఉస్తాద్ దగ్గరికెళ్ళి సలాం చెప్పి వాపస్ రండి.

మూడోది కరెంటు. బ్లోయర్, ఫ్యాన్, కంప్రెసర్ క్లచ్ మూడు కలిస్తే ఇరవై ఆంపియర్లు దాటుతది. పెద్ద ఆల్టర్నేటర్, వేరే రిలేలు, వేరే ఫ్యూజులు, బ్యాటరీ నుంచి వేరే వైరు. పాత వైరింగుకు చెయ్యి తగలొద్దు.

నాలుగోది, వేడి లోపలికి రాకుండ చూసుకోవాలె. ఫ్లోరు మ్యాట్ కింద, టాపు లోపట, ఇంజను గోడకు వేడి ఆపే షీట్ వేయాలె. డోర్ల రబ్బరు బీడింగులు కొత్తయి పెట్టాలె. ఇవి బయటికి కనపడవు, అస్లియత్‌కు ఏం కాదు. ఇవి చేస్తే చిన్న కంప్రెసర్‌తోనే పెద్ద కారు ఠండా అయితది. చేయకపోతే ఎంత పెద్ద ఏసీ పెట్టినా ముందు సీటోని మోకాళ్ళు చల్లబడ్తయి, వెనక సీటు మాత్రం అట్లనే కాగుతది. అందుకే ఉస్తాద్‌తోని సాఫ్ చెప్పండి, వెనకకు గాలి పొయ్యే దారి కావాలని. చేసిందే వాళ్ళ కోసం గదా.

ఐదోది గ్యాస్. పాత జమానా కారు ఏసీలల్ల ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. అది ఓజోన్ పొరను తింటదని 1987 మాంట్రియల్ ఒప్పందంతోని దునియా మొత్తం దాన్ని వదిలేసింది, మన దేశంల కూడా 2010 కల్లా బంద్ అయింది. ఇప్పుడు మామూలుగ దొరికేది ఆర్-134ఏ. దాని నూనె వేరు, రబ్బరు పైపులు వేరు. జంక్‌ల దొరికిన పాత కంప్రెసర్‌ల పాత నూనె ఉంచి కొత్త గ్యాస్ కొట్టిస్తే ఆర్నెల్లల్ల మొత్తం బర్బాద్. ఇంకో మాట. ఈ గ్యాస్ ఓజోన్‌ను తినదు గని, గాలిల కలిస్తే బొగ్గు పొగ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్ల పైనే భూమిని వేడెక్కిస్తది. కాబట్టి "ప్రతి ఎండాకాలం గ్యాస్ కొట్టించుకోవాలె" అనే మెకానిక్ మాట నమ్మొద్దు. గ్యాస్ తగ్గిందంటే ఏడనో లీకున్నట్టే. దాన్ని మూయించి, వాక్యూమ్ పెట్టించి, అప్పుడు కొట్టించాలె.

ఒకటిన్నర లీటర్ల పాత ఇంజను కాంటెస్సా ఉన్నోళ్ళకు మాత్రం ఒక మాట. యాభై హార్స్‌పవర్‌ల ఐదారు పోతే ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తది. ముందు వేడి ఆపే షీట్లు, బీడింగులు, ఫ్యాను చూసుకోండి. తర్వాత చిన్న కంప్రెసర్, ఎత్తు మీద దాన్ని ఆపే స్విచ్ పెట్టించుకోండి. 1.8 ఉన్నోళ్ళకు ఆ బాధ అంతగ లేదు.

ఇంకొక ఎతరాజ్ ఉన్నది. అది ఖాలూది కాదు, మా ఇంట్ల చదువుకున్న పిల్లది. "మామూ, ఏసీలతోనే దునియా వేడెక్కుతున్నది గదా" అన్నది. నిజమే. గని ఆ మాట మన ఊర్ల నిలబడి అనేటప్పుడు ఒక్కసారి చుట్టూ చూడాలె. మన బొగ్గు తవ్వి, మన రామగుండంల కాల్చి చేసిన కరెంటుతోనే దక్షిణాది రాష్ట్రాలల్ల ఇండ్లు, ఆఫీసులు, మాళ్ళు చల్లగుంటున్నయి. పొగ మనకు, బూడిద మనకు, వేడి మనకు. ఠండక్ వాళ్ళకు. నెలకు ఐదారు సార్లు బయటికి తీసే ఒక పాత కారుల నలుగురు ఆడోళ్ళు జర సుకూన్‌గ కూసుంటే, లెక్క మొదలుపెట్టాల్సిన జాగా అది కాదు. లీకు లేకుండ చూసుకోవడం మన జిమ్మేదారీ. అంతవరకు ఒప్పుకుంట.

ఖర్చు? కరీంనగర్ ఉస్తాద్ ఒకాయన అన్ని కలిపి యాభై వేల దాకా అన్నడు. తక్కువేం కాదు. గని అదే కారు బంపర్ల మెరుపుకు, వెనక లైట్ల జోడుకు, సీట్ల రెగ్జిన్‌కు ఎంతైందో ఇంట్ల ఎవరు లెక్క అడగలేదు. కారు అందం మీద పెట్టింది షౌక్, అందుల కూసునే మనిషి మీద పెట్టేది ఫుజూల్ అనే హిసాబ్ నాకైతే సమజ్ కాదు.

మీ ఇంట్ల కాంటెస్సా లేకపోవచ్చు. పాత మారుతి ఉండొచ్చు, ఫియట్ ఉండొచ్చు, అబ్బా వదిలిపోయిన జీప్ ఉండొచ్చు. దాని గురించి ఏ ఫైస్లా చేసినా, ముందు ఒకసారి ఎండపూట మీరే వెనక సీటుల కూసొని ఇరవై కిలోమీటర్లు పొయ్యి రండి. స్టీరింగు వేరేటోళ్ళకు ఇయ్యండి. తర్వాత ఎవరి మాట వినాలో మీకే తెలుస్తది.

చేయించేటట్టయితే డిసెంబర్, జనవరిలనే చేయించుకోండి. ఏప్రిల్ వచ్చిందంటే మంచి ఉస్తాద్‌లకు ఫుర్సత్ ఉండదు, ఉన్నోడు జల్దీ జల్దీగ రంధ్రాలు వేస్తడు.